గంగులమ్మ చేతికి పన్నీరు ఎవరిచ్చారు?

మా చిన్నప్పుడు మమ్మల్ని కడుపుబ్బ నవ్వించిన మనిషి పేరు కొట్టేశారు... మొన్న నెల్లూరు బస్టాండు గోడ మీద నోటీసు చూశాను. 'గంగులమ్మ కాపురం, హాస్య నాటకం, వచ్చే శనివారం.' రచన అన్నచోట మా ఊరి ఉప్పు కాంట్రాక్టరు పేరు. నాటక సంఘానికి ప్రెసిడెంటు కూడా ఆయనే. దానియేలు పేరు ఎక్కడా లేదు.

దానియేలు మామ మా ఊళ్లో టైలరు. సూళ్లూరుపేటకు అవతల, ఉప్పు మడుల పక్కన మా ఊరు. రవికలు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు చెప్పుకునే తగాదాలన్నీ ఆయన చెవిన పడేవి... శనివారం సాయంత్రానికి అవే పెట్రోమాక్సు లైటు కింద నాటకమయ్యేవి. వారానికో కొత్త కథ. ఏళ్ల తరబడి.

కథ ఏదైనా మనుషులు ఇద్దరే. చేపలమ్మే గంగులమ్మ, ఆమెను ఏడిపించే వడ్డీ షావుకారు కాసులయ్య. గంగులమ్మ వేషం పోలయ్య బాబాయిది. పగలు ఉప్పు మోసేవాడు. ఆ వేషం కోసం మీసం లేకుండా బతికాడు. కాసులయ్య వేషం ఖాదరన్నది.

ప్రతి ఆటా ఒకేలా ముగిసేది. గంగులమ్మ చేపలు కడిగిన నీళ్ల కుండ ఎత్తి కాసులయ్య నెత్తిన కుమ్మరించేది. నిజం నీళ్లే... పొలుసులతో సహా! ముందు కూర్చున్న పిల్లల మీదా పడేవి. మా అమ్మ తిడుతూనే నవ్వేది. పగలంతా మడుల్లో కాంట్రాక్టరు చేత మాటలు పడిన జనం, ఆ కుండ లేవగానే వాళ్లూ లేచి నిలబడేవారు...

నేను బడికి పోయింది తక్కువ. టీ అంగడి గోడ మీద ఆ ఆట నోటీసులు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. నా అంతట నేను మొదట చదివిన మాట 'దానియేలు'. అందుకే ఈ మంట.

ఖాదరన్న సినిమా వేషాలకని మద్రాసు రైలెక్కాడు. ఇంక ఆట అయిపోయిందనుకున్నాం. దానియేలు మామ తొణకలేదు. ఆ శనివారం గంగులమ్మ ఒక్కతే వచ్చి నిలబడింది.

"కాసులయ్య కాశీకి పొయినాడు... పాపాలు కడుక్కునేదానికి. మిగిలిన పాపాలు చేసేదానికి తమ్ముణ్ణి ఈడ పెట్టి పొయినాడు!"

జనం గొల్లుమన్నారు. ఆట నిలబడింది.

ఆ తమ్ముడి వేషం వేసింది ప్రెసిడెంటు బావమరిది. కొన్నాళ్లు బాగానే తడిశాడు. పెళ్లిచూపులు మొదలయ్యాక ఇంక తడవనన్నాడు. ప్రెసిడెంటే కుట్టు అంగడికి వచ్చాడు. చొక్కాకు గుండీలు కుట్టించుకోవడానికి పోయిన నేను అక్కడే ఉన్నాను.

"దానియేలూ, ఆ కంపు నీళ్లు మానెయ్. పన్నీరు చల్లించు. పెద్దమనుషులు వస్తా ఉండారు."

"పన్నీరు చల్లితే పెండ్లి అవుద్ది సార్, ఆట కాదు."

"రాసేవోడు నువ్వొక్కడివేనా?"

"రాసేవోళ్లు శానామంది ఉండారు సార్. తడిసేవోడే మీ ఇంట్లో లేడు."

మరుసటి వారం నోటీసు మీద దానియేలు మామ పేరు లేదు. కుట్టడానికి ఇచ్చే బట్టలు కూడా ఆగిపోయాయి... ఎవరు ఆపించారో అందరికీ తెలుసు. మిషను బండికెత్తుకుని సూళ్లూరుపేట వెళ్లిపోయాడు.

ఆ శనివారం పోలయ్య బాబాయి చేతికి వెండి పన్నీరుబుడ్డి ఇచ్చారు. చల్లాడు. ఎవరూ నవ్వలేదు... వెనకనుంచి ఒక ముసలామె అరిచింది.

"ఏమ్మే గంగులూ, కాసులయ్య తమ్ముడికి పెండ్లా? మాకు చెప్పనే లేదే!"

అప్పుడు నవ్వారు. ఆటకు కాదు. పోలయ్య బాబాయి బుడ్డి కిందపెట్టి, చీరతోనే ఇంటికి నడిచిపోయాడు. మర్నాటి నుంచి మీసం పెంచాడు.

ఆట మాత్రం ఆపలేదు. అవే పేర్లు పెట్టి ఎవరెవరినో నిలబెట్టారు. రేకుల పందిరి వేశారు, బెంచీలు తెచ్చారు. కథలు ఎక్కడివో, ఆ తగాదాలు ఎవరివో... మా ఊరివి కావు. చూసి వచ్చినవాళ్ల బట్టలు ఇప్పుడు పొడిగా ఉంటాయి, మొహాలు కూడా.

నేనిప్పుడు నెల్లూరులో బియ్యం మిల్లు మూటలు మోస్తున్నాను. నోటీసు సంగతి చెప్పడానికి నిన్న సూళ్లూరుపేట వెళ్లాను. దానియేలు మామకు చూపు తగ్గింది. సూదిలో దారం కోడలు ఎక్కిస్తోంది. అంతా విని ఒకటే అడిగాడు.

"పోలయ్యకు మీసం ఇంకా ఉండాదా అబ్బయా?"



ప్రెసిడెంటు గారూ, నోటీసు మీద ఆయన పేరు మళ్లీ పడాలి. ఆయన్ని మీరే పోయి పిలుచుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాలి. శుక్రవారం పొద్దుగూకేలోపల జవాబు రావాలి. మా మిల్లు గేటు దగ్గరికి కబురు పంపినా చాలు.

ఆ ఆట చూసి తడిసినవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే, మీకు గుర్తున్నది రాయండి... శనివారం ఆటకు రండి. శుక్రవారానికి జవాబు రాకపోతే, ఇంట్లో చేపలు కడిగిన నీళ్లు మాత్రం పారబోయకండి.