చప్పుడు లేని షెడ్డు

ఇలా నా పక్కకి జరిగి కూర్చోండి. పెద్ద గొంతుతో చెప్పుకునే సంగతి కాదిది.

నిరుడు, మా చిన్నవాడు ఇంటర్లో చేరిన ఏడాది సంగతి. కోతలు అయిపోయాక మా నూజివీడు మామిడి తోటల్లో మనుషులుండరు. ఆ ఖాళీ చూసుకుని, మీసాలైనా సరిగా రాని పిల్లలు ఆదివారాలు సౌండు బాక్సులు మోసుకెళ్ళి, పాటలు పెట్టుకుని బీర్లు తాగేవారు. చాట్రాయి రోడ్డులో ఒక పిల్లవాడు తాగి బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మావాడికీ ఆ గతి పడుతుందేమోనని నాకు భయం పట్టుకుంది. వీధి ఆడవాళ్ళందరం పంచాయతీకి వెళ్ళాం.

"తాగేవాళ్ళని ఎక్కడని వెతుకుతామమ్మా? చప్పుడైతే నలుగురికీ వినబడుతుంది. అనుమతి లేకుండా బాక్సు పెడితే పట్టుకొచ్చేస్తాం" అన్నాడు సెక్రటరీ.

నాకంటే ముందు తలూపింది నా తోడికోడలు. మా మరిదీ ఆవిడా ఊరి చివర ఒక తోటకి కాపలా ఉంటారు. "మా వైపు వినబడితే మొదటి ఫోను నాదేనండీ" అంది.

ఆటోకి మైకు కట్టి ఆ రూలు ఊరంతా చెప్పించారు. "ఈ మైకుకి అనుమతుందా?" అని మా ఆయన నవ్వాడు. ఆ తర్వాత ఆదివారాలు చల్లగా గడిచాయి. మావాడు పుస్తకాలు పట్టుకుని పిన్ని ఇంటికి వెళ్ళేవాడు. వాళ్ళబ్బాయిదీ అదే క్లాసు. సాయంత్రం ఆవిడే ఫోను చేసి, "మీవాడు తలెత్తకుండా చదివాడక్కా, అన్నం పెట్టి పంపుతున్నా" అనేది. దీపం పెట్టేటప్పుడు ఆవిడ బాగు కూడా కోరుకునేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం పుల్లల కోసం ఆ తోటకే వెళ్ళాను. కాయలు పోసే షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. గుమ్మం ముందు మగపిల్లల చెప్పులు, వాటిలో నేను కుట్టించి తెచ్చిన మావాడి జత. పక్కన పొయ్యి మీద తోడికోడలు పకోడీలు వేస్తోంది. తలుపు తోశాను. కాయల కింద పరిచే గడ్డి మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తాగుతున్నారు. మావాడి చేతిలోనూ సీసా ఉంది.

"ఎప్పట్నించే ఇది?" అన్నాను తోడికోడలితో.

"అరవకక్కా. రూలు ప్రకారం చప్పుడు లేదుగా" అంది, గరిటె దింపకుండా. "ఎక్కడో తాగి రోడ్డున పడేకంటే నా కళ్ళ ముందుంటారని ఉండనిచ్చా. నీకు చెబితే నీవాడు ఇంకో తోటకి పోడూ?"

"మరి చదువుతున్నాడని ఫోను ఎందుకు చేశావు?"

"నీకు నిద్ర పట్టాలి కదా."

"పిన్నినేం అనకమ్మా" అన్నాడు మావాడు, తడబడుతున్న నాలుకతో.

వాణ్ణి రెక్క పట్టుకుని తీసుకొచ్చాను. మర్నాడు సెక్రటరీకి చెబితే, "చప్పుడేమైనా అయిందామ్మా?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన చేతిలో కాగితాల్లోకి తల వంచుకున్నాడు.

ఇప్పుడు ఆదివారాలు వాణ్ణి నా ఎదురుగానే కూర్చోబెట్టుకుంటున్నాను. పుస్తకం తెరుస్తాడు గానీ నాతో మాట్లాడడు. తోడికోడలు ఫోను చేస్తే నేనూ ఎత్తను.

మీ ఇల్లు పచ్చగా ఉండాలి తల్లీ. మీ పిల్లల సంగతి మీకు నిజంగా చెప్పే మనిషి ఒక్కరైనా మీ ఇంటి మనుషుల్లో ఉండాలి.