కృపారాణి గారి రాబ్ నాటకం

కృపారాణి గారిది రేపల్లె. రోజూ పాసింజరెక్కి వచ్చి తెనాలిలో మా కాలేజీలో జువాలజీ చెబుతారు. చెబుతారు అనకూడదు, ఆడిస్తారు. ఆదివారాలు చర్చిలో పిల్లల చేత బైబిలు కథలు నాటకాలుగా వేయించి వేయించి, ఏ పాఠమైనా వేషాలు కట్టిస్తే గానీ ఆవిడకి తృప్తి ఉండదు. వచ్చిన ప్రతివాళ్లకీ వేషం ఉండాల్సిందే. పక్కగదిలో బోటనీ చెప్పేది నేను కాబట్టి ఆ గోలంతా నా నెత్తి మీదే.

ఆవిడ ఏళ్ల తరబడి పార్ట్‌టైమ్. ఈసారి పర్మనెంట్ చేస్తామన్నారు. కాకపోతే కరస్పాండెంట్ శేషగిరి గారి ఎదుట ఒక క్లాసు చెప్పి చూపించాలి. ఆయన మెచ్చకపోతే ఉన్నదీ ఊడుతుంది. నేనైతే బోర్డు మీద రెండు బొమ్మలు గీసి బయటపడేవాణ్ణి. ఈవిడ ఆరోజు కూడా నాటకమే పెట్టారు! నాకు ఒళ్లు మండింది. అయినా మనసొప్పక వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను.

పాఠం రాబ్27ఎ. అది మనిషిలో ఒక జన్యువు. దాన్నిబట్టి తయారయ్యే బుల్లి ప్రోటీన్‌దీ అదే పేరు. నల్లరంగు సంచుల్ని కణం అంచుదాకా చేర్చడం దాని పని. జీటీపీ అనే అణువు తగులుకుంటే పనిలోకి దిగుతుంది, అది జీడీపీగా మారితే పని మానుతుంది. ఆ జన్యువు చెడితే రంగు గడప దాటదు, చంటిపిల్లలకే జుట్టు వెండిలా మెరుస్తుంది.

పిల్లలందరూ రాబ్‌లే. మెడలో జీటీపీ అని రాసిన అట్టముక్క, చేతిలో నల్ల క్యారీబ్యాగు. విజిల్ వేయగానే పరిగెత్తి గోడవారన సంచులు పెట్టారు. పెట్టి అక్కడే నిలబడిపోయారు. చర్చి అలవాటు కొద్దీ, స్టేజీ దిగమనేదాకా ఎవరూ కదలకూడదని ఆవిడే చెప్పారు. దిగమనే వేషం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. రెండో విడత సంచులు గది మధ్యలో పడి ఉన్నాయి. మోయడానికి ఒక్క రాబూ ఖాళీ లేదు.

“ఏంటమ్మా, పనైపోయినా ఎవరూ కూర్చోరేంటి?” అన్నారు శేషగిరి గారు.

కృపారాణి గారు తెల్లబోయారు.

“పొరపాటు నాదేనండి. వీళ్లని ఆపే ప్రోటీన్ ఇంకోటుందండి. ఆ వేషం మర్చిపోయాను. కణంలో అయినా ఇంతేనండి. ఇక చాలు అనేవాళ్లు లేకపోతే పనిచేసినోళ్లు అక్కడే ఇరుక్కుపోతారు.”

తనే వెళ్లి ఒక్కొక్కరి భుజం తట్టి, అట్టముక్క మీద టీ కొట్టేసి డీ రాశారు. “అయిపోయిందమ్మా, కూర్చో” అన్నారు. పిల్లలు హమ్మయ్య అనుకుంటూ కూలబడ్డారు.

శేషగిరి గారు లేచి నిలబడ్డారు.

“మరి నా సంగతేంటమ్మా? ఈ కరస్పాండెంట్ కుర్చీలో ముప్ఫయ్యేళ్ల నుంచీ ఉన్నా. మా అబ్బాయి కాచుక్కూర్చున్నాడు. ఇక చాలు అనే ధైర్యం ఒక్కడికీ లేదు. నువ్వు తట్టు.”

ఉద్యోగం ఇవ్వాల్సిన మనిషినే పొమ్మనడం! కృపారాణి గారు చెయ్యెత్తి, మళ్లీ దించేశారు.

“తడతానండి. ముందు నా ఆర్డర్ మీద సంతకం పెట్టండి సార్.”

శేషగిరి గారు నవ్వుతూ పెన్ను కోసం జేబులు తడుముకున్నారు.