ఫ్రెంచి ముక్కుకు పెట్టిన పరీక్ష

పేరున్న మనిషి ముక్కు పొరపడదని మీకు ఎవరు చెప్పారు?

1994 వేసవిలో నేను దోహాలో సెంట్లు దిగుమతి చేసే ఒక కంపెనీలో క్వాలిటీ కెమిస్టును. సరుకు బాగుందో చెడిందో పరీక్షించి, నివేదిక మీద సంతకం చేయడం నా పని.

ఆ ఏడాది ఒక ఖరీదైన ఫ్రెంచి సెంటు దుకాణాలకు తిరిగి రావడం మొదలైంది. వాసన పాడైందని కొన్నవాళ్ళ ఫిర్యాదు. తయారుచేసిన అర్మాన్ గారే విమానమెక్కి వచ్చారు. ఆయన మల్లెతోటల్లో పూలు కోసిన కూలీ కొడుకు. అరవయ్యో ఏటికి సముద్రపు ఒడ్డున భవనం, సొంత పడవ. అంతా ముక్కుతో సంపాదించిందే. పని ఉన్న రోజున ఉల్లి తినరు, వాసన సబ్బు ముట్టరు. తిరిగొచ్చిన సీసా మూత తీసి ఒక్కసారి పీల్చి, ఎండ తగిలిందని తేల్చేశారు.

ఎండ తగిలితే తప్పు గోడౌనుది. గోడౌను అంటే నర్సయ్య, నిజామాబాదు వైపు నుంచి వచ్చిన స్టోర్ కీపరు. మేనేజరు అతని వీసా రద్దు కాగితం టైపు చేయించి, ఎండకు సరుకు చెడిందన్న నివేదిక నా ముందు పెట్టాడు.

"సార్, ఏసీ రూముకు తాళం ఏసేది నేనే, తీసేది నేనే. ఎండకు పెట్టుంటే నా కండ్లు పోవాలె!" అన్నాడు నర్సయ్య.

"ఒట్లు నాకొద్దు నర్సయ్యా. వేడి రాసే రిజిస్టరు తే."

తెచ్చాడు. ఒక్క గడీ ఖాళీ లేదు, ఏ రోజూ వేడి హద్దు దాటలేదు.

మేనేజరు నవ్వాడు. "రాసింది వాడేగా! నీకూ బుర్ర మాఫీ, లేనే లేదు. యల్లా, త్వరగా సంతకం పెట్టు."

కలం మూత అప్పటికే తీశాను. అంత పెద్దాయన చెప్పాక ఇంకేముందని నాకూ అనిపించింది. మా ఊరి సభల్లో స్వాములను నిలదీసినవాణ్ణి, ఇక్కడ ఒక ముక్కుకు మొక్కబోయాను! మూత పెట్టేశాను.

మా వృత్తిలో మూడు పట్టీల పరీక్ష ఒకటుంది. మూడు కాగితప్పట్టీల్లో రెండింటిని ఒకే సెంటులో, మూడోదాన్ని వేరేదాంట్లో ముంచుతాం. వేరేది ఏదో చెప్పాలి. అర్మాన్ గారు ఫ్రాన్సు నుంచి సీలుతో తెచ్చిన సీసా ఒకటి, మా గోడౌను నుంచి వెళ్ళి తిరిగొచ్చిన ఆ సీసా ఒకటి తీసుకున్నాను. పేర్లు లేవు, అంకెలే. ఆరుసార్లు పెట్టాను. ఆయన రెండుసార్లు సరిగ్గా చెప్పారు. కళ్ళు మూసుకుని ఊహించినా అన్నే వస్తాయి. రెండు సీసాలకూ తేడా ఆయనకే దొరకలేదు. సరుకు చెడలేదు.

"మరి జనం ఎందుకు తిప్పి పంపుతున్నారు?" అని మేనేజరు ఎగిరాడు.

తలుపు దగ్గర నిలబడ్డ నర్సయ్య అందుకున్నాడు. "ఈడ ఇండ్లల్ల బట్టలకు బఖూరు పొగ, మన సాంబ్రాణి లెక్క, పట్టిచ్చినంకనే సెంటు కొడ్తరు సార్. మీ కాయితప్పట్టీకి పొగ యాడుంది?"

నూలుగుడ్డకు పొగ పట్టించి సెంటు కొట్టాం. అర్మాన్ గారు వాసన చూసి ముఖం చిట్లించారు. మాడిన చక్కెర వాసన. లోపం తన మిశ్రమంలోనే ఉందని అక్కడికక్కడే స్వదస్తూరీతో రాసి ఇచ్చారు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే, ఆ పడవ గురించి విన్నప్పుడు కాదు. వీసా రద్దు కాగితాన్ని మేనేజరు చేతే చింపించాను. నర్సయ్య మరుసటి రోజు డ్యూటీకి వచ్చాడు.

అనుభవం ఊహకే పనికొస్తుంది. తీర్పుకు పరీక్ష కావాలి. రేపు మీ ఆఫీసులో ఒకడి మీద నింద మోపిన కాగితం మీ ముందుకొస్తుంది. చెప్పినవాడు ఎంతటివాడైనా సరే, ముందు పరీక్ష పెట్టమని అడగండి. పెట్టేదాకా మీ కలం మూత తీయకండి.