ఇరవై పరుపుల బేరం

బేరమంటే మస్తాన్‌బీ చెవి కోసుకుంటుంది. ప్రత్తిపాడులో వాళ్ల పరుపుల కొట్టూ, నా కుట్టుమిషను కొట్టూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. వాళ్ల పరుపులకూ దిండ్లకూ గుడ్డలు కుట్టేది నేనే. నా పేరు హెలెన్. నాకు కోపమెక్కువని ఊళ్లో అందరూ అంటారు. అననివ్వండి. ఈ సంగతి విని కోపం రానివాళ్లెవరో నేనూ చూస్తాను.

మస్తాన్‌బీ మొగుడు ఖాదర్ వలి. దూది ఏకడం వాళ్ల తాతల నాటి పని. ఆయన మిషను మీద దూది ఏకుతాడు, ఆవిడ పరుపు కుడుతుంది. ఆయన నెమ్మదస్తుడు, రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. మిగతావన్నీ ఆవిడే మాట్లాడుతుంది. ధర గిట్టక వెళ్లిపోయే మనిషిని సగం దారిలో ఆపుతుంది. "ఏమయ్యా, ఇంత ఎండలో వచ్చావు, మంచినీళ్లు తాగి పో" అంటుంది. ఆ మనిషి నీళ్లు తాగుతాడు, కూర్చుంటాడు, పిల్లల సంగతులు చెప్తాడు, చివరకు పరుపు నెత్తిన పెట్టుకుని పోతాడు.

స్పాంజి పరుపులు వచ్చాక ఆ నీళ్లు తాగేవాళ్లే కరువయ్యారు. అప్పుడు కోడలు నస్రత్ ఫోన్లో ఒక అమ్మకాల యాప్‌లో కొట్టు పెట్టింది. అందులో మనం ధర రాస్తాం. కొనేవాళ్లు ఇంతకిస్తారా అని తమ ధర పంపుతారు. మనకు ఇష్టమైతే ఒప్పుకున్నట్టు నొక్కాలి.

"హెలెనూ, ఇదీ బేరమేనే! మొహాలు కనపడవు, అంతే" అని సంబరపడింది మస్తాన్‌బీ.

మొదటి పరుపు కొట్లో అమ్మే ధరకే పెట్టింది. అమ్ముడుపోయింది. తీరా చేతికొచ్చింది చూసుకుంటే, యాప్ కమీషను పోను, దాని మీద పన్ను పోను, ఇంకేదో రుసుము పోను, ఇద్దరి కూలీ ఎగిరిపోయింది. సరే, ఆ పోయేదంతా కలిపి ధర పెంచింది. పెంచిన ధర చూసి కొనేవాళ్లు కళ్లు తేలేశారు. పైగా వాళ్ల దగ్గరా యాప్ విడిగా ఫీజు గుంజుతుందట. అందుకని వాళ్లు ఇంకాస్త కోసి అడుగుతారు. ఈవిడ దృష్టిలో వాళ్లు పిసినారులు, వాళ్ల దృష్టిలో ఈవిడ దోపిడీదారు. మధ్యనున్నదానికి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు.

గుంటూరు మిర్చి యార్డులో కమీషను లేదా అంటే, ఉంది. కానీ అక్కడ కమీషను తీసుకునే మనిషి ఎదురుగా కూర్చుంటాడు. కడుపు మండితే మొహం మీదే నాలుగు అనేసి రావచ్చు. ఈ యాప్‌ను ఎక్కడికి పోయి తిట్టను?

ఇక మస్తాన్‌బీకి ఇంకో పట్టుదల ఉంది. బోణీ బేరం వదలకూడదు. పొద్దున్నే గుమ్మం ఎక్కిన మొదటి మనిషికి లాభం లేకపోయినా ఇచ్చి పంపుతుంది. ఫోన్లోనూ అదే పద్ధతి పెట్టుకుంది. "అక్కా, ఫోన్‌కు బోణీ ఏంటి, నీ మొహం!" అని నేను ఎన్నిసార్లు అన్నానో. వింటేగా!

జూన్‌లో ఒక బుధవారం పొద్దున ఆవిడ టీ తాగుతుంటే ఫోన్ మోగింది. ఎవరో ఒంగోలు నుంచి, రాసిన ధరలో మూడింట రెండొంతులకు అడిగారు. బండి తామే తెచ్చుకుంటామని కూడా రాశారు. కమీషను పోను వచ్చేది దూదికే చాలీచాలదు. ఒక్క పరుపే కదా, బోణీ కదా అని నొక్కేసింది.

కాసేపటికి నస్రత్ ఫోన్ చూసి కెవ్వుమంది. "అత్తా! ఇది ఒక్కటి కాదు. ఇరవై పరుపులు!"

ఓరి దేవుడో! మస్తాన్‌బీ టీ గ్లాసు పక్కన పెట్టి ఫోన్ లాక్కుని చూసింది. ఒక్క పరుపు మీద పోతే బోణీ అనుకోవచ్చు. ఇరవై మీద పోతే కొట్టు మూసుకోవడమే. ఆ సీజనుకు దూది కొనడానికి దాచుకున్నది కూడా చాలదు.

ఫోన్‌లోనే మాట్లాడదామంటే నంబరు కనపడదు. మన నంబరు రాస్తే యాప్ చుక్కలు పెట్టేస్తుంది. బయట బేరం కుదుర్చుకుని ఫీజు ఎగ్గొడతామని దాని భయం. చివరకు నస్రత్, "ఈ ధరకు గిట్టదండీ, పొరపాటున ఒప్పుకున్నాం" అని రాసింది. జవాబు వెంటనే వచ్చింది. "ఒప్పుకుని ఇప్పుడు కాదంటే ఎలాగండీ? సోమవారం హాస్టలుకు ఆడపిల్లలు వస్తారు. వాళ్లను నేల మీద పడుకోబెట్టలేను."

"వద్దని నొక్కెయ్" అన్నాను నేను. "పీకల మీదకు తెచ్చుకున్నావు చాలు."

"పిల్లలు నేల మీద పడుకుంటారంటనే" అంది మస్తాన్‌బీ. "తప్పు నాది, వాళ్లదా?"

అప్పుడు ఖాదరన్న నోరు విప్పాడు. "ఉస్మాన్‌కు కబురు పెడతా."

ఉస్మాన్ వినుకొండ మనిషి. దూది ఏకే ఈ మిషను తనకమ్మమని ఏడాదిగా వెంటపడుతున్నాడు. ఉస్మాన్ అడ్వాన్సుతో దూది కొని, ఇరవై పరుపులూ పూర్తిచేసి, మిషను అప్పజెప్పాలని ఖాదరన్న లెక్క. ఆ తర్వాత బతుకేమిటో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. మిషను పోతే వాళ్ల కొట్టు లేదు. ఆ రోజు గుమ్మం ముందు పోయే మనిషిని ఒక్కరినీ మస్తాన్‌బీ పిలవలేదు. అది చూసి నాకు భయమేసింది. ఒంగోలు మనిషిని చూడకుండానే ఎన్ని తిట్లు తిట్టానో, ఆ ప్రభువే క్షమించాలి.

మర్నాడు పొద్దున్నే ఉస్మాన్ వచ్చాడు, జేబులో అడ్వాన్సుతో. టీ అయింది. మిషను చుట్టూ తిరిగి బెల్టు లాగి చూశాడు. ఖాదరన్న పక్కన నిలబడి, దాని మీద దుమ్మును తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాడు. మస్తాన్‌బీ లోపలి గదిలోంచి బయటకు రాలేదు.

అంతలో వాకిట్లో వ్యాను ఆగింది. తెల్లచొక్కా మనిషి దిగి, "ఖాదర్ వలిగారి పరుపుల కొట్టు ఇదేనాండీ? నా పేరు జక్రయ్య. ఒంగోలు హాస్టలు వార్డెన్ని" అన్నాడు.

ఇంకేం, నాకు పూనకం వచ్చింది. "ఓహో, మీరేనా సారూ! నిన్న అడిగి ఇవాళే వచ్చేశారా? పరుపులేమన్నా చెట్టుకు కాస్తాయా? ఆ ధరకు దూదైనా వస్తుందా? మీ పుణ్యాన వీళ్లు మిషను అమ్ముకుంటున్నారు, చూసి పోండి!"

ఆయన బిత్తరపోయాడు. "దూది ఎందుకమ్మా రావాలి? దూది నేను తెచ్చానుగా!"

వ్యాను వెనక తలుపు తీశాడు. లోపల నిండా పాత పరుపులు, ఉండలు కట్టినవి, గుడ్డ చిరిగినవి.

"మా చిన్నప్పుడు దూది ఏకేవాళ్లు ఇంటికే వచ్చేవాళ్లు" అన్నాడు జక్రయ్య. "మన దూది మనం ఇస్తే, ఏకి కుట్టి కూలి తీసుకునేవాళ్లు. మీరు కూడా దూది ఏకి పరుపు కుట్టి ఇస్తామనే రాశారు కదండీ. నేను అడిగింది కూలి, గుడ్డ ఖరీదు. అదీ ఎక్కువే అనిపించింది. కానీ ఒంగోలంతా తిరిగాను, ఏకేవాళ్లు ఒక్కరూ దొరకలేదు. అందుకే అంత ఇస్తానన్నా."

దూది ఎవరిదో రాయాలని నస్రత్‌కు తట్టలేదు. అడగాలని ఆయనకూ తట్టలేదు.

మస్తాన్‌బీ లోపలినుంచి వచ్చింది. నా పక్కనుంచే వెళ్లి, చిరిగిన పరుపులో చెయ్యి పెట్టి గుప్పెడు దూది లాగింది. వేళ్లతో విప్పి చూసింది. "మంచి దూదే" అంది. అని అక్కడే వ్యాను పక్కన మట్టిలో చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి?

జక్రయ్యగారు పాపం చాలా నొచ్చుకున్నాడు. తన ఫోన్ తీసి, తాను కట్టిందెంతో చూపించాడు. నస్రత్ తన ఫోన్‌లో చేతికి రాబోయేదెంతో చూపించింది. రెండింటికీ మధ్య ఉన్న తేడా చూసి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇదంతా మీకే వస్తుందనుకుని తిట్టుకున్నానమ్మా" అన్నాడు ఆయన. "పోనీ, దాన్ని రద్దు చేసి చేతికిచ్చెయ్యనా?"

"వద్దు సారూ" అంది మస్తాన్‌బీ ముక్కు చీదుకుంటూ. "ఆ యాప్ చూపించకపోతే ఒంగోలు నుంచి నా గుమ్మం ఎక్కేవారా? దాని కమీషను అది తిననీ. కూలిలోంచి కాస్త పోతే మేం చావం. దూది మాది పెట్టి, దాని ఖరీదు మీద కూడా కమీషను పోతేనే చచ్చేది. ఈ లెక్కన మాకు బాగా మిగుల్తుంది. మీ హాస్టలు దిండ్లు కూడా తెచ్చి పడెయ్యండి, ఊరికే ఏకిస్తాం."

ఆయన వద్దంటున్నా వినలేదు. నేను అన్న మాటలకు నా చేత క్షమించమని చెప్పించింది. చెప్పాను. నోరు చేదుగా ఉంది కానీ చెప్పాను.

ఉస్మాన్ మిషను పక్కనే నిలబడి ఉన్నాడు, తనను అందరూ మరిచిపోయారని ఆయనకు అర్థమైంది. "అంత దూరం నుంచి వచ్చాను ఖాదరన్నా" అన్నాడు. "కావాలంటే ఇంకొంచెం వేస్తా. ఎంత వెయ్యమంటావో చెప్పు."

ఖాదరన్న వ్యానులోంచి ఒక పాత పరుపును భుజాన వేసుకుని లోపలికి తెచ్చాడు. కుట్లు తెంపి, దూది మిషను ముందు కుప్పపోశాడు. తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏందయ్యా అది?" అంది మస్తాన్‌బీ.

"ఏం లేదు. దూది దుమ్ము కళ్లల్లో పడింది" అన్నాడు.

అప్పటికింకా మిషను వెయ్యనే లేదు.