తుడిచిన గది

వారాలమ్మ ప్రతి ఏడూ వానలు మొదలవగానే ఎవరినో కలుసుకోవడానికి సముద్రం ఒడ్డుకు వెళ్తుందని మన వీధిలో చెవులు కొరుక్కుంటున్నారు. ఇస్త్రీ అతను మొదలుపెట్టాడు, మిగతావాళ్లు తలా ఒక చెయ్యి వేశారు. వెళ్లే మాట నిజమే. కానీ ఒక్కతే వెళ్తుంది, ఒక్కతే ఉంటుంది, ఒక్కతే తిరిగొస్తుంది.

వారాలమ్మ అన్న పేరు పెట్టింది కూడా వీధే. రిసార్టులు కట్టే కంపెనీలో ఆమె అమ్మేది ఇళ్లు కాదు, వారాలు. ఒకే గదిని చాలామంది కలిసి కొనుక్కుంటారు, ఏడాదిలో ఎవరి వారం వాళ్లది. "ఇదేం కొనడం తల్లీ, మంచం కోడు ఒకటి కొన్నట్టు" అని ఎదురింటి పిన్నిగారు వేళాకోళమాడితే, "కోడు కాదు పిన్నీ, మంచమంతా మీదే. వారం దాటాక దిగాలంతే" అని నవ్వుతుంది.

ఆఫీసులో ఒక నమూనా గది ఉంది. పరుపు, దీపం, బాల్కనీ, బాల్కనీ అవతల గోడకు అతికించిన సముద్రం బొమ్మ. ఆదివారాలు జంటలు వస్తారు. భార్య పరుపు నొక్కి చూస్తుంది, భర్త కుళాయిలన్నీ తిప్పుతాడు. చివరికి అందరి అనుమానం ఒకటే: మాకు ముందు ఎవరెవరో పడుకున్న గదే కదా? అప్పుడు వారాలమ్మ గొంతు తగ్గిస్తుంది. "పొద్దున వాళ్లు వెళ్లి మధ్యాహ్నం మీరొచ్చేసరికి, వాళ్ల వెంట్రుక కూడా దొరకదండీ. పూచీ నాది." ఆ మాటకే సంతకాలు పడతాయి.

ఆ గదులు కట్టించినవాడు ఆమె మొగుడు. అదే కంపెనీలో సైటు సూపర్‌వైజరు. మంచం మీంచే నీళ్లు కనబడాలని మేస్త్రీతో పోట్లాడి కిటికీని జానెడు కిందికి దింపించాడు. ఎక్కడ తలుపు గాలికి కొట్టుకున్నా, జేబులో ఏ కాగితం ఉంటే అది మడిచి సందులో దోపే అలవాటు ఆయనది. ఆయన సైట్ల మీద, ఈమె ఆఫీసులో. గుమ్మంలో ఒకరి చెప్పులుంటే ఇంకొకరివి ఉండేవి కావు. పెద్ద గొడవలేమీ లేవు, మాటలే అడుగంటాయి. విడిపోయిన రోజు గిన్నెలు, కుర్చీలు పంచుకున్నట్టే, కంపెనీ తమకిచ్చిన వారాలూ పంచుకున్నారు. ఒకే గది, పక్కపక్క వారాలు. ముందుది ఆయనకు, తర్వాతది ఈమెకు.

మొదట్లో పెందలాడే చేరుకుని రిసార్టు వరండాలో కూర్చునేది. ఆయన అప్పటికే వెళ్లిపోయి ఉండేవాడు. గదిలోకి వెళ్తే కుర్చీ ఉండాల్సిన చోటే ఉంటుంది. దిండు వాసన చూస్తే సబ్బు. ఒక్క ఏడు మాత్రం బాల్కనీ తలుపు సందులో మడిచిన బస్సు టికెట్టు కనిపించింది. దాన్ని ముట్టుకోలేదు. వారమంతా ఎంత గాలి వీచినా ఆ తలుపు కిక్కురుమనలేదు. మరుసటేడు వెళ్లేసరికి కంపెనీవాళ్లు తలుపుకు కొత్త రబ్బరు వేయించేశారు.

ఈసారి కంపెనీ, ఆ వానల వారం మాకిచ్చెయ్యి, చలికాలంలో మంచి గిరాకీ ఉన్న వారం ఇస్తామంది. ఆమె వద్దంది. ఆ సంగతి చెవిన పడ్డాక పిన్నిగారికి అన్నం సయించలేదు. ప్రయాణం రోజు మెట్ల దగ్గర కాపు కాసి, ఆమె చేతిలో పెట్టె లాక్కుంది.

"ఎవరే అక్కడ? చెబితే గానీ కదలనివ్వను."

"ఎవరూ లేరు పిన్నీ."

"ఎవరూ లేని గదికి, ఈ వానలో తడుస్తూ ఏముందని పోతున్నావు మరి?"

వారాలమ్మ పెట్టె కోసం చెయ్యి చాపింది.

"ఈ ఒక్కసారికి గది తుడవకుండా ఇవ్వండమ్మా అని అడుగుదామని వెళ్తాను పిన్నీ. తీరా తుడిచేవాళ్లు బకెట్లతో బయటికొచ్చి, అద్దంలా చేశామండీ అని తాళం చేతిలో పెడితే, నోరు పెగలదు."