బెల్లం ముక్కతో పెట్టిన గోలీ

మింగలేక, కక్కలేక ఏళ్ల తరబడి గొంతులో పెట్టుకుని తిరుగుతున్న మాట ఇది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మా ఆయనది గోదావరిఖనిలో బొగ్గు బాయిలో, అంటే గని లోపల, పని. బైపోలార్ జబ్బు ఉంది. కొన్నాళ్లు నిద్రలేని ఉరుకులాట, కొన్నాళ్లు మంచం దిగనివ్వని దిగులు. డాక్టరు గోలీలు రాశాక కుదురుకున్నాడు. కానీ మాట తగ్గింది. చేతులు సన్నగా వణికేవి. ఆ వణుకు చూసి కంపెనీ వైద్య పరీక్షలో అన్‌ఫిట్ అంటారేమోనని నా భయం. ఒక్క భయమేనా? కాదు. వాకిట్లో అడుగు పెడుతూనే పాట అందుకుని, పక్క క్వార్టర్ల వాళ్లను కూడా నవ్వించే మనిషి నాకు మళ్లీ కావాలనిపించింది. ఆ మనిషిని గోలీలు తినేశాయనుకున్నాను.

షిఫ్టు దిగి వచ్చినవాళ్లకు గొంతులోని దుమ్ము పోవడానికి మా దగ్గర బెల్లం ముక్క పెడతాం. ఆయన చేతులకు నల్లగా బొగ్గు ఉండేది కనుక నోరు తెరిచేవాడు. గోలీ, దాని వెంట బెల్లం నేనే పెట్టేదాన్ని. ఏం గోలీ అని ఆయన ఒక్కనాడూ చూడలేదు. డాక్టరు రాసినదాని బదులు క్యాల్షియం గోలీ పెట్టడం మొదలుపెట్టాను.

పాట తిరిగొచ్చింది. ఎంత సంబరపడ్డానో! ఆ తర్వాత ఆయనకు నిద్ర కరువైంది. ఒకరోజు తన డ్యూటీ కాని వేళ బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంప్‌రూమ్ ముందు నిలబడి, దీపం ఇస్తే ఒక్కడినే బాయిలోకి దిగుతానని గొడవ చేస్తుంటే తోటివాళ్లు పట్టుకొచ్చారు. కొన్నాళ్లకు ఆ ఊపంతా పోయింది. చచ్చిపోతానన్న మాట మొదలైంది. దవాఖానలో డాక్టరు నన్ను అడిగాడు.

"గోలీలు రోజూ వేసుకుంటున్నాడా?"

"ఏసుకుంటున్నడు సార్. నా చేతితోనే ఇస్తున్న."

అందులో అబద్ధమెంత, నిజమెంత? డాక్టరు మందు మార్చాడు. ఈసారి తు.చ. తప్పకుండా ఇచ్చాను. కౌన్సెలింగ్ నడిచింది, బాయి లోపల కాకుండా పైనే డ్యూటీ దొరికింది, మనిషి నిలబడ్డాడు. కానీ గోలీలకు కూడా లొంగని మొండి జబ్బు తనదని ఆయన నమ్మాడు. ఎప్పుడు తిరగబెడుతుందోనని గట్టిగా నవ్వడానికి కూడా జంకేవాడు. ఆ జంకు నేను పెట్టిందే.

ఇలాంటి జబ్బున్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లం నెలకోసారి చర్చి హాల్లో కూర్చుంటాం. కొత్తవాళ్లకు ఆయనే ధైర్యం చెబుతాడు. మొన్న మందమర్రి నుంచి వచ్చిన ఒకమ్మాయి ఆయన కథంతా విని, "రోజూ ఏసుకున్నా నీకే పనిజెయ్యలేదంటే, మా తమ్మునికి ఎందుకియ్యాలె అన్నా?" అంది. జవాబు నా దగ్గర ఉంది. లేచి, ఆయనకు గోలీలు మార్చి పెట్టింది నేనేనని అందరి ముందూ చెప్పేశాను.

ఆ అమ్మాయి తమ్ముడి మందుల సంచీని ఒళ్లోకి లాక్కుంది. మా ఆయన నా వైపు చూడలేదు. ఇంటికి నడిచి వస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"అయితే నా జబ్బు మొండిది కాదన్నట్టు."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? మర్నాడు డ్యూటీ నుంచి రాగానే చేతులు కడుక్కుని, గోలీ తనే తీసి, పేరు చదువుకుని వేసుకున్నాడు. బెల్లం ముక్క నా చేతిలోనే ఉండిపోయింది. బాధగానే ఉంది. కానీ గొంతులో ఏమీ అడ్డం లేదు. లోపల ఆయన సన్నగా కూనిరాగం తీస్తున్నాడు. గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను.