ఉత్త చేతిలో ఇడ్లీ

తెనాలిలో నేను యూకేజీ పిల్లలకు పాఠాలు చెప్పేటప్పుడు మా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. బూరెల్లాంటి బుగ్గలు, రెండు పిలకలు, చూస్తే ముద్దొచ్చేది. కోపం వస్తే కొరికేది. ఏడవడం, కింద పడి దొర్లడం లాంటి కాలయాపన ఆ పిల్లకు నచ్చదు. పక్కవాడు క్రేయాన్ లాక్కుంటే వాడి చెయ్యందుకుని నేరుగా పని కానిచ్చేది. నా మోచేతి మీద కూడా ఆ పళ్ల వరస కొన్నాళ్లు ఉంది.

పిల్లల కోపతాపాల మీద బాపట్లలో శిక్షణ ఉందంటే మా ప్రిన్సిపాల్ నన్ను పంపాడు. అక్కడి శిక్షకుడు కళ్లు మూసుకుని మాట్లాడే రకం. "కోపం వచ్చిన పిల్లల్ని పువ్వు వాసన చూడమనండి, కొవ్వొత్తి ఊదమనండి. ఊపిరి నెమ్మదిస్తే మనసు నెమ్మదిస్తుంది" అన్నాడు. మధ్యాహ్నం భోజనాల్లో పెరుగు అయిపోయిందని తెలిసి వడ్డించేవాళ్ల మీద అదే మనిషి అరిచిన అరుపు విన్నాక నాకు ఆ పద్ధతి మీద నమ్మకం సడలింది. అయినా మర్నాడే ప్రయోగించాను.

అమ్మాయి అప్పటికే పిడికిళ్లు బిగించింది. "ఇదిగో తల్లీ, కొవ్వొత్తి. ఊదు" అని నా వేలు చూపించాను.

ఊదింది. వెంటనే "కేకేది టీచర్?" అంది.

లేదన్నాను. అసలు కోపం అప్పుడొచ్చింది. ఈలోగా ఎవరి పుట్టినరోజో తెలియకుండానే క్లాసంతా చప్పట్లు మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లడానికి రేపల్లె రైలెక్కి, స్టేషన్లో కొన్న ఇడ్లీ పొట్లం విప్పాను. పొగలు కక్కుతోంది. వాసన పీల్చాను, ఊదాను. మళ్లీ పీల్చాను, ఊదాను. బాపట్లలో చెప్పింది ఇదే కదా అని అప్పుడు తట్టింది.

మళ్లీ కోపం వచ్చిన రోజు ఆ పిల్ల ముందు ఉత్త అరచెయ్యి చాపాను. "వేడి ఇడ్లీ. వాసన చూడు. ఇప్పుడు మెల్లగా ఊదు, గట్టిగా ఊదితే కింద పడిపోద్ది."

నాకు మతి పోయిందేమోనన్నట్టు చూసింది. "చట్నీ?"

"అదీ ఉంది."

పీల్చింది, ఊదింది. పిడికిళ్లు వదులయ్యాయి.

కొన్నాళ్లకు వాళ్ల నాయనమ్మ బడికొచ్చింది. "ఏంటి టీచరమ్మా, పిల్లకి ఏం నేర్పారు? నేను కోడలి మీద కేకలేస్తుంటే ముందుకొచ్చి ఉత్త చెయ్యి చాపి, ఊదు నాయనమ్మా అంటది. నాకేం కోపం అని అరిచానండి. వదిలితేగా? సరే అని ఊదాను. పళ్లసెట్టు ఊడి దాని చేతిలో పడింది!"

"అయ్యో! తర్వాత?"

"తర్వాతేముంది? ముందు కోడలు నవ్వింది. నాకూ ఆగలేదు."

వార్షికోత్సవం రిహార్సల్స్‌లో ఒక పిల్లాడు తన కాగితం కిరీటం చినిగిందని గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. మా పిలకల అమ్మాయి పెద్దరికంగా వెళ్లి వాడి మూతి ముందు అరచెయ్యి పెట్టింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల చేత కొరికించుకున్న వాడికి అంతకన్నా మంచి అవకాశం ఎప్పుడొస్తుంది? కొరికేశాడు.

నేను పరుగెత్తాను. పిల్ల ముఖం ఎర్రబడింది, నోరు తెరిచింది. వాడు ముందే కళ్లు మూసుకున్నాడు. ఆ పిల్ల ముక్కుపుటాలు ఎగరేస్తూ ఒకసారి గాలి పీల్చి, బుసకొట్టినట్టు వదిలింది. మళ్లీ పీల్చింది. తర్వాత చెయ్యి గౌనుకు తుడుచుకుని, "టీచర్, వీడికి నేర్పడం నావల్ల కాదు" అంటూ వెళ్లి తన వరసలో నిలబడింది.